రెండు క్యాలెండర్ల మధ్య సంక్రాంతి: టెన్షన్ పడకుండా ముందే సర్దుకోవడం ఎలా

మన వైపు చలికాలం పండగలు ఒక్క రోజుతో తేలవు. మార్గశిర లక్ష్మీవారాలతో మొదలై క్రిస్మస్, కొత్త సంవత్సరం, నెలగంట ముగ్గులు, భోగి, సంక్రాంతి, కనుమ వరకూ సాగుతూనే ఉంటాయి. పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో ఉన్న తెలుగిల్లయితే ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లల స్కూలు ఒడిశా లెక్కన నడుస్తుంది, చుట్టాల సెలవులు ఆంధ్రా లెక్కన వస్తాయి. "మాకు పది రోజులు సెలవులిచ్చారు, మీరెప్పుడు దిగుతున్నారు?" అని శ్రీకాకుళం నుంచి పిన్ని ఫోన్ చేస్తుంది. ఇక్కడ మన పిల్లకేమో ఆ సోమవారమే పరీక్ష.

జనవరి రెండో వారంలో ఇంట్లో వచ్చే చిరాకులు గమనించండి. తేదీ దాటితే మళ్లీ చేతికి చిక్కని పనులు నాలుగైదు ఉంటాయి, గొడవలన్నీ వాటి చుట్టూనే. రైలు టికెట్, పిండి మర, ఎవరింటికి ఎవరు వెళ్లాలన్న మాట, చేతిలో డబ్బు. వీటిని ముందు పట్టుకోండి. ముగ్గులూ, కొత్త కర్టెన్లూ, అల్లుడికి ఏ రంగు చొక్కా అన్నదీ చివర్లో చూసుకున్నా ఇల్లేమీ మునిగిపోదు.

మొదటి పని: రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టండి

దసరా అయిపోగానే చేయాల్సిన పని ఇది. గోడ మీద ఒడియా కోహినూర్ క్యాలెండర్, పక్కన తెలుగు పంచాంగం క్యాలెండర్, చేతిలో స్కూలు వాళ్లిచ్చిన సెలవుల జాబితా. మూడూ ముందేసుకుని ఒక్క కాగితం మీదికి ఎక్కించండి.

సంక్రాంతి తేదీ దగ్గరే మొదటి తేడా రావచ్చు. సూర్యుడు మకరంలోకి ఏ వేళకి అడుగుపెట్టాడన్న దాన్ని బట్టి పండగ కొన్నేళ్లు 14న, కొన్నేళ్లు 15న వస్తుంది. అందులోనూ ఒడియా పంజికి, మన పంచాంగానికి ఒక రోజు తేడా ఉండొచ్చు. పక్కింటి ఒడియా వాళ్లు మకర చావుళ్లు (కొత్త బియ్యంతో చేసే సంక్రాంతి నైవేద్యం) పెట్టుకునే రోజున మనింట్లో ఇంకా భోగి మంట వేస్తూ ఉండొచ్చు. ఇందులో తప్పేం లేదు. కానీ సెలవు పెట్టేవాళ్లు, టికెట్ కొనేవాళ్లు ఏ తేదీ నమ్ముకోవాలో ముందే తేల్చుకోవాలి.

సెలవుల సంగతీ అంతే. ఆంధ్రాలో సంక్రాంతికి స్కూళ్లు పది రోజుల దాకా మూస్తారు. మన దగ్గర అంత పొడుగు సెలవులు రావు, డిసెంబరు చివర్లో బొడొదినొ (క్రిస్మస్) సెలవులు మాత్రం దొరుకుతాయి. కాబట్టి పిల్లలతో ఊళ్లు తిరగాలంటే డిసెంబరు మంచిది, సంక్రాంతికి చుట్టాలనే ఇక్కడికి పిలవడం మంచిది. చాలా ఇళ్లలో దీన్ని తిరగేసి చేసి, జనవరిలో హెడ్‌మాస్టరుకు జ్వరం చీటీలు రాస్తుంటారు.

ఇంట్లో పదో తరగతి పిల్లాడుంటే లెక్క మారుతుంది. ఇక్కడ మెట్రిక్ పరీక్షలు ఫిబ్రవరిలోనే వచ్చేస్తాయి. 2025లో ఫిబ్రవరి 21న మొదలయ్యాయి. అంటే సంక్రాంతికి, పరీక్షకు మధ్య గట్టిగా అయిదు వారాలు. ఆంధ్రాలో పదో తరగతి పరీక్షలు మార్చిలో కాబట్టి అక్కడి చుట్టాలకు ఈ తొందర అర్థం కాదు. వాళ్లకు మీరే చెప్పాలి, అదీ అక్టోబరులోనే చెప్పాలి. పండగ ముందు చెబితే వంకలా వినిపిస్తుంది.

రెండో పని: టికెట్ తెరిచే రోజు రాసుకోండి

రైలు టికెట్లకు ఇదివరకు 120 రోజుల ముందు బుకింగ్ ఉండేది. 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించారు, ప్రయాణం రోజును ఇందులో కలపరు. పొద్దున్న 8 గంటలకు తెరుచుకుంటుంది. లెక్క ఇలా వస్తుంది: డిసెంబరు 24 ప్రయాణానికి అక్టోబరు 25న, జనవరి 12కి నవంబరు 13న, జనవరి 13కి నవంబరు 14న. తిరుగు ప్రయాణం జనవరి 18 అయితే నవంబరు 19న. ఈ తేదీలను కాగితం మీద ఎర్ర ఇంకుతో రాయండి, ఫోన్లో అలారం కూడా పెట్టండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ 60 రోజులు బండి బయల్దేరే స్టేషన్ లెక్కన. హావ్‌డా వైపు నుంచి వచ్చే బండి ముందు రోజు అక్కడ బయల్దేరి, అర్ధరాత్రి దాటాక మన స్టేషన్‌కు చేరితే, మీరు ఎక్కే తేదీకి బుకింగ్ ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. తత్కాల్‌కూ ఇదే లెక్క. మీ బండి ఏ రోజు బయల్దేరిందో ఒకసారి చూసుకోండి. ఈ ఒక్క రోజు తేడాతోనే చాలామంది వెయిటింగ్ లిస్టులో పడతారు.

హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు ఇంటికి రావాలంటే ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌ల మీదే అందరి కన్నూ ఉంటుంది. అవి పలాసలో, బరంపురంలో ఆగుతాయి. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు సొంత లైను ఉంది కానీ ఆ లైను మీద బండ్లు తక్కువ. పలాసలోనో, నౌపడలోనో దిగి మిగతా దూరం ఎలా వస్తారన్నది కూడా ఆ రోజే అనుకోండి. రాత్రి పూట పలాసలో దిగి ఆటో కోసం వెతకడం చలికాలంలో పెద్ద శిక్ష. రాయగడ వాళ్లు హిరాఖండ్, సమత, నాగావళి బండ్లు కూడా చూడండి. విజయనగరం వరకూ వేరే బండిలో వచ్చి అక్కడ మారడం కూడా ఒక దారే.

ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ సరిచూసే పని ఈ వారమే ముగించండి. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు అది తప్పనిసరి. 2025 అక్టోబరు నుంచి మామూలు బుకింగ్ తెరిచిన మొదటి నిమిషాలూ ఆధార్ సరిచూసిన ఖాతాలకే ఇచ్చారు, తర్వాత ఆ సమయాన్ని ఇంకా పెంచారు. పండగ రోజుల టికెట్లు అయిపోయేదీ ఆ మొదటి నిమిషాల్లోనే. తత్కాల్ ముందు రోజు పొద్దున్న 10 గంటలకు ఏసీకి, 11కి స్లీపర్‌కు తెరుస్తారు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. దాన్ని నమ్ముకుని పండగ పెట్టుకోకండి.

బస్సు మాటకొస్తే, పాతపట్నం దాటితే ఆంధ్రా ఆర్టీసీ బస్సులు దొరుకుతాయి. అక్కడి ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి ఉచిత ప్రయాణం ఉంది కదా అని మనవాళ్లు చిల్లర లేకుండా ఎక్కేస్తుంటారు. అది ఆంధ్రా చిరునామా చూపించిన వాళ్లకే. మన ఆధార్‌లో గజపతి జిల్లా అని ఉంటే టికెట్ కొట్టాల్సిందే.

మూడో పని: ఎవరింట్లో పండగో తేల్చే ఫోన్

ఇది అందరూ వాయిదా వేసే పని. నవంబరు మొదటి వారంలో, సంక్రాంతి టికెట్లు తెరవకముందే చేయండి. అందరికీ ఒకేసారి గ్రూపులో మెసేజ్ పెట్టకండి. గ్రూపులో ఎవరూ "కుదరదు" అనరు, ఓ నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. పెద్దవాళ్లతో విడిగా మాట్లాడండి.

మాట సూటిగా ఉండాలి. "అత్తయ్యా, ఈసారి భోగి, సంక్రాంతి మాత్రం మేం ఇక్కడే ఉంటాం. బాబుకి మెట్రిక్. కనుమ సాయంత్రం బయల్దేరి మీ దగ్గరికొచ్చి రెండ్రోజులుంటాం. మావయ్యగారితో మీరే ఒక మాట చెప్పండి." ఇందులో రాలేమన్న మాట ఉంది, ఎందుకో ఉంది, మళ్లీ ఎప్పుడొస్తారో కూడా ఉంది. తేదీ చెప్పకుండా "చూద్దాంలెండి" అంటే అవతలి వాళ్లు వస్తున్నారనే అనుకుంటారు. అక్కడ గదులు సర్దుతారు, చివర్లో మనసు నొచ్చుకుంటుంది.

కొత్తల్లుడి మొదటి పండగ ఉన్న ఇల్లయితే మిగతావన్నీ దాని తర్వాతే. ఆ సంవత్సరం వేరే ప్రయాణాలు పెట్టుకోకపోవడం తెలివైన పని. వచ్చే చుట్టాలు ఎంతమంది, ఏ రోజు వస్తారు, ఏ రోజు వెళ్తారు అన్నది పేర్లతో రాసుకోండి. రావడం అందరూ చెబుతారు. వెళ్లడం గురించి అడగడానికే మనకు మొహమాటం. "తిరుగు టికెట్ ఎప్పటికి చూడమంటారు?" అని అడిగితే మర్యాద చెడకుండా తెలిసిపోతుంది.

నాలుగో పని: డబ్బు

పండగ ఖర్చులో బట్టలు, సరుకులు అందరూ లెక్కేస్తారు. దెబ్బ కొట్టేది పై ఖర్చు: బండి అద్దెలు, ఆడపడుచులకు పెట్టేవి, పనివాళ్లకు, పేపరబ్బాయికి ఇచ్చే పండగ మామూళ్లు, గంగిరెద్దుల వాళ్లకు, హరిదాసుకు వేసేవి. వీటికి విడిగా ఒక కవరు పెట్టి అందులో పది, ఇరవై, యాభై నోట్లు ముందే మార్చి ఉంచుకోండి. పండగ వారంలో చిల్లర ఎవరూ ఇవ్వరు.

పొలం ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ధాన్యం ప్రభుత్వం కొనే మండీకి వేస్తే టోకెన్ (ధాన్యం ఎప్పుడు తేవాలో చెప్పే చీటీ) తేదీ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు, వచ్చాక ఆ గడువు దాటనివ్వకూడదు. టోకెన్ తేదీ, ప్రయాణం తేదీ ఒకదాని మీద ఒకటి పడితే ప్రయాణమే మార్చుకోవాల్సి వస్తుంది. అందుకని ఇంట్లో ఒకరు ఊళ్లోనే ఉండేలా చూసుకోండి. మద్దతు ధర సొమ్ము, రాష్ట్రం పైన క్వింటాలుకు ఇచ్చే 800 రూపాయలు ఒకే రోజు ఖాతాలో పడాలని లేదు. ఆ డబ్బు పడ్డాక బట్టలు కొందాంలే అనుకుంటే పండగ వెళ్లిపోతుంది. పాత డబ్బుతో పండగ చేసుకుని, ధాన్యం డబ్బుతో అప్పో, పెట్టుబడో చూసుకోవడం మేలు.

బట్టలు కొనాల్సింది కార్తీకంలో. అప్పుడు బరంపురం షాపుల్లో తాపీగా చూపిస్తారు. నెలగంట పెట్టాక వెళితే కుట్టు మిషన్ వాళ్లు కొత్త జాకెట్లు తీసుకోవడమే మానేస్తారు. అసలు ఇబ్బంది బట్ట కొనడంలో లేదు, టైలరు దగ్గర ఉంది. కాబట్టి ముందు టైలరుని అడిగి, ఆయన చెప్పిన ఆఖరి తేదీకి రెండు వారాల ముందు బట్ట కొనండి.

అయిదో పని: ఇల్లు దులపడం, సున్నాలు

మార్గశిరంలో ఒడియా వాళ్లకు మాణబసా గురుబార్‌లు. లక్ష్మీవారం వచ్చేసరికి ఇల్లంతా కడిగి, బియ్యప్పిండితో ఝొటి ముగ్గులు వేస్తారు. మన ఆడవాళ్లూ ఎలాగూ లక్ష్మీవారాలు పడతారు. ఆ ఊపులోనే వారానికో గది చొప్పున దులిపేస్తే, భోగికి మళ్లీ నడుం కట్టక్కర్లేదు. సున్నం కొట్టించాలంటే మనిషికి కార్తీకంలోనే చెప్పి పెట్టుకోండి. భోగి మంటలో వేసే పాత కర్రలు ఒక మూల పోగేస్తూ ఉండండి. ప్లాస్టిక్, టైర్లు అందులో వేయనివ్వకండి, చిన్నపిల్లలున్న ఇంట్లో మరీను.

ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు. అందుకే ఆ ముందు నవంబరు, డిసెంబరు మొదట్లో శుభలేఖలు వరస పెడతాయి. అన్నింటికీ ఇంటిల్లిపాదీ వెళ్లాలన్న రూలేం లేదు. ఒకరు వెళ్లి చదివింపులు చదివించి వస్తే చాలు.

ఆరో పని: పిండి వంటలకు వరస

అసలు అలసట ఇక్కడే. ఆఖరి మూడు రోజుల్లో అన్నీ చేయాలని కూర్చుంటారు, పండగ పూట అమ్మకు నిలబడే ఓపిక ఉండదు. ఏ వంట ఎన్నాళ్లు ఆగుతుందో దాన్ని బట్టి వెనక నుంచి లెక్క కట్టండి.

జంతికలు, చెక్కలు గట్టి డబ్బాలో మూడు వారాలు ఆగుతాయి. వీటిని జనవరి మొదటి వారంలోనే చేసేయండి. సున్నుండలకు మినప్పప్పు డిసెంబరులోనే వేయించి విసిరి పెట్టుకోవచ్చు, నెయ్యి, బెల్లం కలిపి ఉండలు చుట్టడం తర్వాత ఒక గంట పని. కజ్జికాయలు ఆ తర్వాత, కొబ్బరి పచ్చిగా ఉంటే నాలుగైదు రోజులకు మించి నిలవ పెట్టకండి. బూరెలు, గారెలు, పొంగడాలు ఆ పూటవి ఆ పూటే.

మధ్యలో మిగిలేది అరిసెలు. పండగంతా దీని చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే తడి పిండి దాచుకోవడానికి లేదు. పొద్దున్న ఆడించిన పిండి సాయంత్రానికి పాకంలో పడాలి, లేకపోతే పులిసిపోతుంది. అంటే అరిసెల రోజును మీరు నిర్ణయించరు, మరలో వరస నిర్ణయిస్తుంది. భోగికి ముందు రెండు రోజులు మర దగ్గర గిన్నెలు వీధి దాకా ఉంటాయి, పైగా కరెంటు పోతే అంతే సంగతులు. భోగికి అయిదారు రోజుల ముందే ఒక మామూలు రోజు చూసుకోండి. ఆదివారం వద్దు. మర అబ్బాయితో ముందు రోజే "రేపు పొద్దున్నే నానిన బియ్యం తెస్తాను బాబూ" అని చెప్పి ఉంచండి.

కొత్త బియ్యం ముందు రోజు మధ్యాహ్నమే నానబెట్టి, రాత్రి ఒకసారి నీళ్లు మార్చండి. పొద్దున్న చిల్లుల బుట్టలో వంపి, పాత చీర మీద పల్చగా ఆరబోయండి. గుప్పిట్లో పట్టుకుంటే అరచేతికి తడి తగలాలి, నీళ్లు మాత్రం కారకూడదు. ఆ దశలో మరకు తీసుకెళ్లండి. అక్కడ మీ ముందు ఎవరు ఏం ఆడిస్తున్నారో చూడండి. మిరపకాయలు ఆడించిన వాళ్ల వెనక నిలబడితే అరిసెలు ఘాటెక్కుతాయి. బియ్యం ఆడించిన వాళ్ల వెనక చోటు దొరికేదాకా ఒకరిద్దరిని ముందుకు పొమ్మన్నా నష్టం లేదు.

పిండి ఇంటికి తేగానే జల్లించి, గిన్నెలో గట్టిగా అదిమి, పైన తడిగుడ్డ కప్పండి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం సరిపోతుంది. పాకం చుక్క నీళ్లలో వేస్తే వేళ్లతో మెత్తని ఉండ కట్టాలి. అది దాటి టక్కున విరిగే పాకం అయిందో, అరిసెలు రాళ్లే. దించి నువ్వులు, కాస్త నెయ్యి వేసి పిండి కొద్దికొద్దిగా కలపండి. వేయించి తీశాక అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె పిండేయాలి. నూనె బాగా పోతేనే రెండు వారాలు వాసన పట్టకుండా ఉంటాయి. ఒకరు ఒత్తడానికి, ఒకరు వేయించడానికి, ఒకరు నొక్కడానికి, ఇలా ముగ్గురుంటే రెండు గంటల్లో తేలే పని ఇది. ఒక్కరే చేస్తే సాయంత్రం అవుతుంది. వీధిలో రెండిళ్ల వాళ్లు కలిసి ఈరోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని చేసుకుంటే ఆ అలసటే ఉండదు. పక్కింటి ఒడియా ఆవిడను కూడా పిలవండి. వాళ్లకూ అరిసా పిఠా ఉంది, ఆవిడ చెయ్యి మీకంటే బాగా తిరగొచ్చు.

ఎన్ని రకాలు చేయాలన్నది కూడా ముందే గీత గీయండి. తీపి రెండు, కారం రెండు చాలు. ఆరో రకం ఎవరూ అడిగి తినరు. మిగిలింది ఫిబ్రవరిలో ఆవుకు పెడతారు.

గబగబా అయిపోయే పనులు

గ్యాస్ రెండో సిలిండరు జనవరి మొదట్లోనే నింపి ఉంచండి. బీపీ, షుగరు, ఉబ్బసం మందులు పండగ అయ్యాక మరో వారానికి కూడా సరిపడా తెచ్చుకోండి. ప్రయాణంలో వాటిని చేతి సంచిలోనే పెట్టండి.

కోరాపుట్, సెమిలిగుడ వైపు చుట్టాల ఇంటికి వెళ్తే చలి మన దగ్గరి చలిలా ఉండదు. దుప్పట్లు మీరే తీసుకెళ్లండి, వాళ్ల దగ్గర అందరికీ సరిపోవు. రాత్రి తలుపులు, కిటికీలు బిగించి గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గు పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఘాట్ రోడ్డు మీద తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది, ఎండ వచ్చాక బయల్దేరితే గంట ఆలస్యం తప్ప పోయేదేం లేదు.

డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా గండాహతి జలపాతం, తప్తపాని వైపు పిక్నిక్ జనం విరగబడతారు. మోహనా వైపు ఊళ్లలో క్రిస్మస్ పెద్ద పండగ కాబట్టి అద్దె బండ్లూ దొరకవు. పిల్లలు అడిగితే డిసెంబరు రెండో ఆదివారం తీసుకెళ్లండి. జలపాతం అప్పుడూ అక్కడే ఉంటుంది, జనం ఉండరు.

తిరుగు ప్రయాణం

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుకే అందరూ ముక్కనుమ తర్వాతే బయల్దేరతారు, బండ్లన్నీ ఆ రెండు రోజుల్లోనే కిక్కిరిస్తాయి. వీలుంటే తిరుగు టికెట్ ఇంకో రోజు ఆలస్యంగా పెట్టుకోండి. ఆన్‌లైన్ టికెట్ చార్టు వేశాక కూడా వెయిటింగ్‌లోనే ఉండిపోతే దానంతటదే రద్దయి డబ్బు ఖాతాలో పడుతుంది. కౌంటర్లో కొన్న వెయిటింగ్ టికెట్ అలా కాదు, బండి బయల్దేరడానికి అరగంట ముందులోగా మీరే రద్దు చేయించుకోవాలి.

పిల్లలకు కట్టే పిండి వంటలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. అడుగున జంతికలు, పైన కాగితం పరిచి అరిసెలు. ఆవకాయ సీసా మూతకు ప్లాస్టిక్ కాగితం బిగించి దారం చుట్టండి. నెయ్యి సీసా మాత్రం చేతి సంచిలో నిలువుగా పెట్టుకోమనండి, బెర్త్ కింద సూట్‌కేసులో వద్దు.